నామినీ గడిలో నా పేరు

నామినీ అని ఉన్న చోట నా పేరే ఉంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇంటిపేరుతో సహా నాదే. పక్కన కూర్చున్న నా భార్య "ఎవరి పేరుందండీ?" అని అడిగింది. నా ఇన్సూరెన్స్ పాలసీకి నేనే నామినీని ఎలా అవుతానో నాకు అర్థం కాలేదు.

ఆ ఉదయమే కాకినాడలో డాక్టరుగారు నా గుండెకి ఆపరేషన్ తప్పదని తేల్చారు. ఈ రోజుల్లో ఇది మామూలేనని, భయపడొద్దని కూడా అన్నారు. బస్సులో వస్తున్నంతసేపూ నా భార్య ఆపరేషన్ ఊసెత్తలేదు. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగాక ఒకే మాట అడిగింది.

"ఆ పాలసీలో నా పేరుందా?"

"నీ పేరు కాక ఇంకెవరి పేరుంటుంది?"

"ఏమనుకోకండి. తునిలో మా అక్క పడ్డ తిప్పలు చూశాను కాబట్టి అడుగుతున్నాను."

తునిలో ఉండేది వాళ్ళ పెద్దమ్మ కూతురు. భర్త పోయాక తీసి చూస్తే నామినీగా ఆయన తల్లి పేరుంది. ఆ తల్లి అంతకు చాలా ఏళ్ళ ముందే పోయింది. ఆవిడ ఆ కాగితాలు పట్టుకుని ఆఫీసుకీ, తహసీల్దారు దగ్గరికీ, కోర్టుకీ తిరిగింది. తిరిగినప్పుడల్లా మా ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేది. అందుకే నా భార్య అడిగింది. అడగడంలో తప్పేమీ లేదు. తప్పల్లా చూడకుండానే ఉందని చెప్పడంలో ఉంది. చెప్పాను కదా అని బీరువా తీసి, పాత ప్లాస్టిక్ కవరులోంచి బాండు బయటికి తీశాను. నామినీ గడిలో నా పేరు కనిపించింది.

"ఈ పాలసీ రాసింది మావయ్యే కదా, తొందర్లో ఒక గడిలో రాయాల్సింది ఇంకో గడిలో రాసుంటాడులే" అన్నాను.

"ఆపరేషన్‌కి వెళ్ళేలోపు సరిచేయించండి" అంది నా భార్య. అంతే అంది. ఆ తర్వాత వారం రోజులూ ఆవిడ మనసులో ఉన్నది ఆ ఒక్క పనే.

మర్నాడు పొద్దున్న సెంటర్లో టీ కొట్టు దగ్గర ఈ సంగతి చెప్పాను. నాతో హైస్కూల్లో చదివి, ఇప్పుడు కొబ్బరికాయల వ్యాపారం చేస్తున్న స్నేహితుడు ఒకడు రోజూ అక్కడికి వస్తాడు.

"ఇంకేం. నువ్వు పోయాక నువ్వే వెళ్ళి సంతకం పెట్టి తెచ్చుకో" అన్నాడు. "ఆధార్ కార్డు మాత్రం మర్చిపోకు. అది లేకపోతే చచ్చినోళ్ళని కూడా లోపలికి రానివ్వరు."

అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి రాజమండ్రికి ఫోన్ చేశాను. పాలసీ రాసిన మావయ్య మా మేనత్త భర్త. చాలా కాలం ఏజెంటుగా చేసి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాడు.

"ఏరా, దాళ్వా కోతలయ్యాయా?"

"అయ్యాయి మావయ్యా. నా పాలసీలో నామినీగా ఎవర్ని రాశావు?"

"మీ నాన్న చెప్పినట్టే రాశాను. నీకు మీ అన్నయ్య. మీ అన్నయ్యకి నువ్వు."

"మరి నాదాంట్లో నా పేరే ఉందేంటి?"

"అలా ఉండదు."

"ఉంది మావయ్యా. నా చేతిలోనే ఉంది."

"అలా ఉండదురా. కంపెనీ ఒప్పుకోదు. కళ్ళజోడు మార్పించుకో." ఫోన్ పెట్టేశాడు.

ఆయన చెప్పాక నాకు ఆ రోజు గుర్తొచ్చింది. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. వదిన కాపురానికి వచ్చి కొద్ది నెలలే అయింది. ధాన్యం అమ్మిన డబ్బు ఇంట్లో ఉందని తెలిసి మావయ్య సంచీ పట్టుకుని వచ్చాడు. వీధరుగు మీద చాప వేసుకుని కూర్చుని, అన్నయ్యకీ నాకూ చెరో పాలసీ, ఒకటే మొత్తానికి, ఒకేసారి రాశాడు. నామినీ అనే మాట నాన్నకి కొత్త. అదేంటో చెప్పించుకుని, "ఆడాళ్ళ పేర్లు కాగితాల మీదకి ఎందుకు బావా. అన్నదమ్ములు ఒకరికొకరు రాసుకుంటారు. ఇల్లు ఒకటే కదా" అన్నారు. అప్పట్లో మా వైపు కలిసి ఉన్న ఇళ్ళల్లో చాలామంది అలాగే రాసుకున్నారు. ఎవరి పేరున్నా డబ్బు వచ్చేది అదే ఇంటికని లెక్క. వదిన లోపల గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

అంతవరకూ నాకు బాగానే గుర్తుంది. అయితే ఆ లెక్కన నా నామినీ అన్నయ్య కావాలి. నేను కాకూడదు. ఎంత ఆలోచించినా ముడి విడలేదు.

అన్నయ్యని అడగొచ్చు కదా అంటారేమో. అన్నయ్యకీ నాకూ మాటల్లేవు. నాన్న పోయిన మరుసటి ఏడు వేరు పడ్డాం. పంపకాలు సక్రమంగానే జరిగాయి. తర్వాత కొన్నాళ్ళకి అన్నయ్య తన వాటా వరి చేను తవ్వించి రొయ్యల చెరువు చేశాడు. గట్టు ఇవతల నా చేలోకి ఉప్పు ఊట దిగింది. ఆ గట్టు వారన మూడు వరసలు పండడం మానేశాయి. దాని మీద మాటా మాటా పెరిగి, చివరికి మాటలే పోయాయి. రామచంద్రపురం నుంచి యానాం వెళ్ళే దారిలో మా ఇళ్ళు రెండూ ఒకే రోడ్డు మీద ఉంటాయి. ఎదురుపడితే ఇద్దరం ఫోను చూసుకుంటూ వెళ్ళిపోతాం.

నా భార్య రోజూ అడుగుతోంది. ఇక లాభం లేదని బాండు పట్టుకుని ఇన్సూరెన్స్ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి దాన్ని ఒకసారి చూసి, నా ఆధార్ చూసి, మళ్ళీ బాండు చూసింది.

"ఇది మీ పాలసీ కాదండి."

"అదేంటండీ? ఇన్నేళ్ళుగా కడుతున్నాను."

"పైన పేరు చూడండి."

పైన అన్నయ్య పేరుంది. అప్పటిదాకా నేను ఆ గడి చదవనే లేదు. నా బీరువాలో ఉన్న నా పాలసీ మీద పైన ఎవరి పేరుందో నేనెందుకు చదువుతాను? నామినీ ఎవరని అడిగారు కాబట్టి నామినీ గడి చూశాను. మావయ్య ఏజెంటుగా ఉన్నంతకాలం రెండిళ్ళకీ వచ్చి, ఇద్దరి దగ్గరా ఒకే మొత్తం తీసుకుని రెండూ కట్టేసేవాడు. ఆయన మానేశాక, బాండు మీద ఉన్న నంబరు ఫోన్లో కొట్టి నేనే కడుతున్నాను. స్క్రీన్ మీద ఇంటిపేరు, దాని పక్కన చుక్కలు వస్తాయి. ఇంటిపేరు మాదే. నేను చూసింది అంతే. కంపెనీ నుంచి మెసేజీలు రావాలంటే వాళ్ళ దగ్గర ఉన్నది ఎప్పుడో తీయించేసిన పాత ఇంటి లాండ్‌లైన్ నంబరు.

"మరి నా పాలసీ ఏమైందండీ?"

ఆ అమ్మాయి కంప్యూటర్లో వెతికింది. "ఉందండి. సక్రమంగా నడుస్తోంది. బాకీ ఏమీ లేదు."

"నేను కట్టడం లేదు కదండీ."

"ఎవరో కడుతున్నారండి."

"ఎవరు?"

"నంబరు తెలిస్తే ఎవరైనా కట్టొచ్చండి. ఎవరు కట్టారని మేం అడగం."

"నామినీ ఎవరు?"

స్క్రీను నా వైపు తిప్పింది. అన్నయ్య పేరు.

భార్య పేరుకి మార్చాలంటే ఏం చేయాలని అడిగాను. ఒక ఫారం, దాని మీద సాక్షి సంతకం, దాంతోపాటు అసలు బాండు కావాలంది. బాండు పోయిందంటే డూప్లికేటు తెప్పించుకోవచ్చు గానీ దానికి చాలా రోజులు పడుతుందట. నాకు అన్ని రోజులు లేవు. నా బాండు ఎక్కడుందో ఆ పాటికి నాకు అర్థమైంది.

ఇక్కణ్ణుంచి నేను జాగ్రత్తగా రాయాలి. ఎందుకంటే ఈ రాయడమంతా ఇందుకోసమే.

బస్సులో కూర్చున్నాక నాకు తల తిరిగిపోయింది. నా పాలసీ అన్నయ్య దగ్గరుంది. నామినీ అన్నయ్య. డబ్బు కడుతున్నది అన్నయ్య. నాకు ఆపరేషన్. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే అర్థం కనిపించింది. ఏమీ అర్థం కాకుండా కూర్చోవడం కన్నా కోపం తెచ్చుకోవడం నాకు తేలికైంది. బస్సు దిగి ఇంటికి వెళ్ళకుండా నేరుగా టీ కొట్టుకి వెళ్ళాను. అక్కడున్న వాళ్ళందరూ వినేలా అన్నాను: "పంపకాల్లోనే నా బాండు నొక్కేశాడు. ఇన్నేళ్ళుగా నా మీద డబ్బు కట్టుకుంటూ నేనెప్పుడు పోతానా అని ఎదురు చూస్తున్నాడు."

ఈ మాట నాదే. ఇంకెవరూ కల్పించింది కాదు. ఆ రోజు మధ్యాహ్నానికి అది ఊరు దాటింది.

ఇంటికొచ్చి నా భార్యకి కూడా అదే చెప్పాను. ఆవిడ కూర తరుగుతూ మొత్తం విన్నది.

"బావగారు మీది కట్టడం మీ చావు కోసం ఎదురు చూడ్డమైతే, మీరు బావగారిది కట్టడాన్ని ఏమంటారండీ?"

"నాకు తెలియక కట్టాను."

"ఆయన తెలిసి కట్టారని మీకెవరు చెప్పారు?"

నేను చేతిలోని బాండుని మళ్ళీ కవరులో దూర్చాను.

"సరే, అదంతా మీరూ మీరూ తేల్చుకోండి. నాకొక్కటి చెప్పండి. మీకేదన్నా అయితే నేను ఈ కవరు పట్టుకునేగా వెళ్ళేదాన్ని? 'ఈ కాగితంలో ఉన్నాయన బతికే ఉన్నాడమ్మా' అని పంపించేసేవారు. అప్పుడు నేనేం చేసేదాన్ని?" కత్తిపీట పక్కకి జరిపి లేచింది. "రేపు వెళ్దాం. నేనూ వస్తాను."

అన్నయ్య ఇల్లు చెరువు గట్టు మీద కొత్తగా కట్టింది. చెరువులో రొయ్యలకి గాలి అందించే చక్రాలు తిరుగుతున్నాయి. ఆ చప్పుడుకి ఎవరూ వినకూడదనుకున్నా సరే, అందరూ గట్టిగానే మాట్లాడాలి. వదిన వరండాలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి కుర్చీలు వేసింది. అప్పుడు అంది:

"రా చిన్నబ్బాయ్. నీకోసమే ఎదురు చూస్తున్నాం. ఇన్నేళ్ళుగా మాకు అదే పని కదా."

నేను చెప్పులు విప్పి మెట్టు మీదే నిలబడ్డాను.

"కూర్చో. నిన్న రాత్రి మా పుట్టింటివైపు పెళ్ళికి వెళ్ళాం. భోజనాల దగ్గర ఒకాయన మీ అన్నయ్యని అడిగాడు. 'రొయ్యల్లో పోయింది తమ్ముడి మీద రాబట్టుకుంటున్నావంటగా' అని. బంతిలో అందరూ నవ్వారు. మీ అన్నయ్య సగం భోజనం ఆకులో వదిలేసి లేచొచ్చేశారు. ఏంటని అడిగితే నాతో కూడా చెప్పలేదు. నాకు ఇంకొకరు చెప్పారు." నా భార్య వైపు తిరిగింది. "కాఫీ తాగుతావా అమ్మా? నీమీద నాకేం లేదు."

అంతలో అన్నయ్య చెరువు దగ్గర్నుంచి వచ్చాడు. మోకాళ్ళదాకా బురద. పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటూనే అడిగాడు.

"ఎప్పుడంట ఆపరేషన్?"

"వచ్చే సోమవారం."

"కాకినాడలోనేనా?"

"ఊఁ."

ఎన్నేళ్ళకో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు అవే. నా భార్యే మాట కలిపింది. "బావగారూ, మీ దగ్గర ఈయన పాలసీ కాగితం ఉందంట. ఆయన దగ్గర మీది ఉంది" అని, సంచిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది.

అన్నయ్య దాన్ని ముట్టుకోలేదు. లోపలికి వెళ్ళి అచ్చం అలాంటి కవరే ఇంకొకటి తెచ్చాడు. అందులోంచి బాండు తీసి, దూరంగా పట్టుకుని చదివాడు.

"నామినీ దగ్గర నా పేరే ఉంది కదరా" అన్నాడు. "నాకు నేనేంటి?"

"పైన చూడు అన్నయ్యా."

పైన చూశాడు. చాలాసేపు చూశాడు. అతని మొహంలో కనిపించింది, నా బీరువాలోని బాండు చూసి నేను పడ్డ అయోమయమే అనిపించింది. నిజంగా అప్పుడే చూశాడా, లేక ముందే తెలిసి నా ముందు అలా అన్నాడా? ఇప్పటికీ నాకు తేలలేదు. "నీకు తెలీదా?" అని అడిగాను. "ఏం తెలీదా?" అని అతను నన్నే అడిగాడు.

"ఈయనకేం తెలుస్తుంది. కట్టిన రసీదు కూడా నేనే ఏరి దాచాలి" అంది వదిన. "ఆ దాచేటప్పుడు నేనైనా పేరు చూశానా అంటే, నేనూ చూళ్ళేదు."

కవర్లు ఎప్పుడు మారాయన్నది ఇంకో చిక్కు. పంపకాల రోజున ఇనప్పెట్టెలోంచి కాగితాలు తీసి పెద్దమనుషులు పంచారు. పొలం కాగితాలు ఒక్కొక్కటీ పైకి చదివారు. కొబ్బరి చెట్లు లెక్కపెట్టి రాశారు. ఇత్తడి బిందెలు కూడా తూకం వేశారు. ఈ రెండు కవర్లు మాత్రం ఎవరూ తెరవలేదు. ఎవరిది వాళ్ళకి ఉన్నదే కదా, పంచేదేముందని అనుకుని ఉంటారు. కవర్లు అందించింది మావయ్య అని నా భార్య అంటుంది. పెద్దమనుషుల్లో ఒకాయన అని వదిన అంటుంది. అన్నయ్య మాత్రం నావైపు చూసి, "నువ్వే కదరా తెచ్చిచ్చావు. ఒకటి నా ఒళ్ళో పడేసి వెళ్ళావు" అన్నాడు.

నాకు అది గుర్తు లేదు. కాదని చెప్పేంత ధైర్యమూ లేదు. అతను చెప్పాక, అలా పడేసినట్టే నాకూ ఒక బొమ్మ కనిపిస్తోంది. అది నిజంగా జరిగిందో, అతని మాట విన్నాక నేను కల్పించుకున్నదో చెప్పలేను. ఒకవేళ అదే నిజమైతే, నొక్కేశాడని నేను ఊరంతా చెప్పిన బాండుని అతని చేతిలో పెట్టింది నేనే.

"నేను ఊళ్ళో అన్న మాట తప్పు అన్నయ్యా."

అతను బాండుని మడతల మీదే మడిచి కవరులో పెట్టాడు. "ఊళ్ళో అన్నదాన్ని ఇంట్లో కూర్చుని తప్పంటే ఏం లాభంరా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట నన్ను వదలడం లేదు.

మర్నాడు నలుగురం ఆఫీసుకి వెళ్ళాం. అన్నయ్యా వదినా వాళ్ళ బండి మీద, మేము బస్సులో. కౌంటర్లో ఆ అమ్మాయి రెండు బాండులూ తీసుకుని, రెండు ఫారాలు ఇచ్చింది. అన్నయ్య తన ఫారం మీద కొత్త నామినీ పేరు రాయబోతుంటే వదిన, "నా పేరు నేనే రాస్తాను" అని పెన్ను లాక్కుంది. అన్నయ్య ఇచ్చేశాడు.

"మీ దాంట్లో సాక్షి సంతకం ఎవరు పెడతారండీ?" అని ఆ అమ్మాయి నన్ను అడిగింది.

నేను చుట్టూ చూశాను. తెలిసినవాళ్ళు ఎవరూ కనిపించలేదు.

"నేను పెట్టొచ్చా?" అన్నాడు అన్నయ్య. "తీసేసేది నా పేరే. అయినా పర్లేదా?"

అలా ఎవరూ అడిగి ఉండరు. ఆ అమ్మాయికి కూడా సందేహం వచ్చింది. లేచి లోపల మేనేజరు గదిలోకి వెళ్ళి, కాసేపటికి వచ్చింది. "పెట్టొచ్చంటండి" అంది.

అన్నయ్య పెట్టాడు. ఒకప్పుడు మా ఇద్దరి రేషను కార్డు మీద పెట్టే సంతకమే, అలాగే పెట్టాడు. ఆ అమ్మాయి బాండుల వెనక స్టాంపులు వేసి, పేర్లు రాసి, ఎవరిది వాళ్ళకి ఇచ్చింది. అన్నయ్య ఇంకా కౌంటరు దగ్గరే నిలబడ్డాడు.

"ఇప్పుడు మావాడికి ఏదైనా అయినా, ఈవిడకి ఇబ్బంది ఉండదు కదండీ?"

"ఉండదండి. ఆవిడకే వస్తుంది."

అన్నయ్య నా భార్య వైపు తిరిగి, "సరిపోయిందమ్మా" అన్నాడు. ఆవిడ తల ఊపింది. ఏడుపు ఆపుకుంటోందని నాకు తెలుసు. అన్నయ్య నావైపు మాత్రం చూడలేదు. "గట్టు సంగతి ఆపరేషన్ అయ్యాక మాట్లాడుకుందాం. ఆ ఉప్పు ఊట నా చెరువుది కాదు, నేను ఇప్పటికీ అదే అంటాను" అని నాతో చెప్పి బండి తీశాడు.

ఆపరేషన్ అయింది. బతికాను. కొద్దిగా నడవగలిగాక టీ కొట్టుకి వెళ్ళి, జరిగిందంతా అక్కడివాళ్ళకి చెప్పాను. మా అన్నయ్య నా బాండు దొంగిలించలేదని, నేను అతనిది పెట్టుకున్నట్టే అతను నాది పెట్టుకున్నాడని. నా కొబ్బరికాయల స్నేహితుడు ఓపిగ్గా విన్నాడు.

"ఛాతీ కోసి కుట్టాక అందరూ ఇలాగే మంచోళ్ళయిపోతారు. మీ అన్నయ్య నీకు ఏం మందు పెట్టాడో" అన్నాడు. అందరూ నవ్వారు. ముందు అన్న మాటని ఒక్క పూటలో నమ్మినవాళ్ళు ఈ మాటని నమ్మలేదు. పోయిన నెల ఒక చావు ఇంట్లో కూడా ఎవరో అన్నయ్యని అదే అడిగారట.

అందుకని ఇలా రాస్తున్నాను. ఉప్పు ఊట ఎవరిదో నాకు తెలియదు. కవర్లు ఎవరు మార్చారో తెలియదు. అన్నయ్యకి ముందే తెలుసో లేదో తెలియదు. తెలిసిన సంగతి ఒక్కటే. ఈ వ్యవహారం మొత్తంలో అన్నయ్య నా చావు కోరాడని చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట అబద్ధం.